గెలీలియో ఇంటిపేరు

ఏ అప్లికేషన్ నింపినా మనకి ఒక గొడవ తప్పదు. ఫస్ట్ నేమ్ అని ఒక గడి ఉంటుంది, లాస్ట్ నేమ్ అని ఇంకో గడి ఉంటుంది. మన తెలుగువాళ్ళకేమో ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత. దాంతో ఒక సర్టిఫికెట్‌లో ఒకలా, ఇంకో కార్డులో ఇంకోలా పడి, రెండూ ఒకరివేనని రుజువు చేసుకోవడానికి తిరగాలి. డేటాబేస్‌లో పేరు అంటే ఒక స్ట్రింగ్ అంతే. కానీ ఆ స్ట్రింగ్ ఎవరికి దొరుకుతుంది, ఎవరికి దొరకదు అన్నదాంట్లో ఒక మనిషి జీవితం మొత్తం ఇరుక్కుని ఉండొచ్చు.

ఈ మాట నాకు గెలీలియో గురించి చదువుతుంటే తట్టింది. ఆయన పూర్తి పేరు గెలీలియో గెలీలి. రెండు గడుల్లోనూ దాదాపు ఒకటే పేరు. స్కూల్లో ఉన్నప్పుడు అది అచ్చుతప్పు అనుకున్నాను. అచ్చుతప్పు కాదు. దాని వెనక ఆయన కంటే దాదాపు రెండు వందల ఏళ్ళ ముందు పుట్టిన ఒక డాక్టరు ఉన్నాడు. దాని తర్వాత, ఆ పేరు దక్కిన ఒక కొడుకు, దక్కడానికి ఏ కాగితమూ పుట్టని ఇద్దరు కూతుళ్ళు ఉన్నారు. టెలిస్కోపు, చర్చి విచారణ మనందరికీ తెలిసినవే. ఈసారి ఆయన కథని ఇంటిపేరు వైపు నుంచి చూద్దాం.

ఒక డాక్టరు వారసులు

ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలో 1370 ప్రాంతంలో గెలీలియో బొనాయుతి అనే ఆయన పుట్టాడు. మంచి వైద్యుడు, యూనివర్సిటీలో పాఠాలు చెప్పాడు, నగర రాజకీయాల్లోనూ పెద్ద పదవులు చేశాడు. 1445లో ఫ్లోరెన్స్ ప్రభుత్వానికి అధిపతి పదవి కూడా దక్కింది. ఆయన చనిపోయాక శాంతా క్రోచే అనే పెద్ద చర్చిలో సమాధి చేశారు. ఆ పెద్దాయన పేరు అంత మారుమోగింది కాబట్టి ఆయన తర్వాతి తరాలవాళ్ళు బొనాయుతి అనే పాత ఇంటిపేరు వదిలేసి, గెలీలి అని పెట్టుకున్నారు.

ఇటాలియన్‌లో మాట చివర ఓ పోయి ఈ వస్తే అది బహువచనం అవుతుంది. అంటే గెలీలి అంటే గెలీలియో గారి వాళ్ళు అన్నమాట. మన శుభలేఖల్లో ఫలానా వారి అబ్బాయి, ఫలానా వారి అమ్మాయి అని వేస్తారు కదా, సరిగ్గా అదే. ఇటాలియన్ ఇంటిపేర్లలో చాలావాటికి చివర ఈ ఉండటానికి ఇదొక కారణం.

ఆ దేశంలో ఇంటిపేర్లు ఎలా పుట్టాయో చూస్తే మనకేమీ కొత్తగా అనిపించదు. రోస్సి అంటే ఎర్రటివాళ్ళు, ఎర్రజుట్టు ఉన్న ఏ ముత్తాత నుంచో వచ్చింది. ఫెర్రారి అంటే కమ్మరివాళ్ళు. లియొనార్డో పేరు పక్కన ఉన్న ద వించి అంటే వించి ఊరివాడు. మన గురజాడ, కందుకూరి లాంటి ఇంటిపేర్లు ఊళ్ళ నుంచి వచ్చినట్టే. మెదిచి అంటే డాక్టర్లు. రోస్సి, ఫెర్రారి లాంటివి ఇటలీలో ఇప్పటికీ ఎక్కడ చూసినా కనిపిస్తాయి. గెలీలి అలా కాదు, అరుదైన పేరు. ఒక్క డాక్టరు నుంచి మొదలైన ఇంటిపేరు అంత సులువుగా విస్తరించదు కదా.

ఇంకో రకం ఇంటిపేర్లు కూడా ఉన్నాయి. నేపుల్స్ వైపు ఎస్పొజితో అనేది చాలా ఎక్కువ. దానర్థం బయట వదిలేసిన బిడ్డ అని. పుట్టగానే వదిలేసిన పిల్లలకి ఆ పేరు పెట్టేవాళ్ళు. ఫ్లోరెన్స్‌లో అలాంటి పిల్లల్ని పెంచే పెద్ద ఆశ్రమం ఉండేది. అక్కడ పెరిగినవాళ్ళకి ఇన్నొచెంతి, అంటే ఏ పాపం ఎరుగనివాళ్ళు అనే ఇంటిపేరు వచ్చింది. తండ్రి పేరు తెలియకపోతే ఆ సంగతే ఇంటిపేరు అయిపోయేది. ఈ విషయం గుర్తుపెట్టుకోండి, తర్వాత కావాలి.

1563లో ముగిసిన ట్రెంట్ మతసభ తర్వాత ప్రతి చర్చిలోనూ బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు పుస్తకంలో రాయడం గట్టిగా అమల్లోకి వచ్చింది. ఒకసారి పుస్తకంలోకి ఎక్కాక పేరు మారదు. తండ్రి గడి ఖాళీగా ఉంటే ఆ ఖాళీ కూడా మారదు.

పేరుంది, డబ్బు లేదు

ఆ మరుసటి ఏడాది, 1564 ఫిబ్రవరి 15న, పీసా నగరంలో మన గెలీలియో పుట్టాడు. తండ్రి విన్‌చెంజో గెలీలి, తల్లి జూలియా. పెద్దకొడుకుకి ఇంటిపేరునే కొంచెం మార్చి సొంతపేరుగా పెట్టడం ఆ టస్కనీ ప్రాంతంలో ఉన్న అలవాటు. అలా డాక్టరు తాతగారి సొంతపేరు ఇంటిపేరుగా మారి, మళ్ళీ తిరిగొచ్చి ఈ పిల్లాడి సొంతపేరు అయింది. అసలు ఆ మాటకి అర్థం గలిలయవాడు అని. గలిలయ అంటే ఏసుక్రీస్తు తిరిగిన ప్రాంతం. ఒక ఊరి వైపు పేరు మనిషి పేరై, ఇంటిపేరై, మళ్ళీ మనిషి పేరైంది.

తండ్రి విన్‌చెంజో సంగీత విద్వాంసుడు. ల్యూట్ అనే, గిటార్ లాంటి పాత తీగ వాయిద్యం వాయించేవాడు. వాయించడమే కాదు, తీగలకి రకరకాల బరువులు వేలాడదీసి స్వరం ఎలా మారుతుందో కొలిచాడు. పాత పుస్తకాల్లో రాసిన నిష్పత్తి బరువుల విషయంలో తప్పని తేల్చాడు. పెద్దలు రాశారు కాబట్టి నమ్మాలి అనకుండా కొలిచి చూడటం గెలీలియో ఇంట్లోనే నేర్చుకున్నాడన్నమాట.

పరువైన ఇంటిపేరు ఉంది కానీ ఇంట్లో డబ్బు లేదు. కొడుకు ఆ పాత తాతగారిలాగే డాక్టరు కావాలని తండ్రి ఆశ. 1581 ప్రాంతంలో పీసా యూనివర్సిటీలో మెడిసిన్‌లో చేర్పించాడు. అబ్బాయికి మాత్రం లెక్కల మీద మనసు పోయింది. 1585లో డిగ్రీ లేకుండానే బయటికి వచ్చేశాడు. మెడిసిన్ చదవమంటే మధ్యలో మానేసి లెక్కలు పట్టుకున్న కొడుకు అంటే ఆ ఇంట్లో ఎలా ఉండి ఉంటుందో మన ఇళ్ళలో పెరిగినవాళ్ళకి చెప్పక్కర్లేదు. నాలుగేళ్ళు ట్యూషన్లు చెప్పుకుని, 1589లో అదే పీసాలో లెక్కల అధ్యాపకుడయ్యాడు. జీతం ఏడాదికి 60 స్కూదీలు. చాలా తక్కువ.

1591లో తండ్రి పోయాడు. ఇంటికి పెద్దకొడుకు కాబట్టి బరువంతా గెలీలియో మీద పడింది. చెల్లెళ్ళ కట్నాలు, తమ్ముడు మైకెలాంజెలో ఖర్చులు. ఈ తమ్ముడు కూడా సంగీతకారుడే. పొలాండుకీ, జర్మనీకీ వెళ్ళాడు కానీ కట్నంలో తన వంతు ఎప్పుడూ సరిగ్గా ఇవ్వలేదు. 1592లో గెలీలియో ఎక్కువ జీతం కోసం పాదువా యూనివర్సిటీకి మారాడు. అక్కడ మొదట్లో ఏడాదికి 180 ఫ్లోరిన్లు. అదీ చాలక ఇంట్లో విద్యార్థుల్ని అద్దెకి పెట్టుకున్నాడు, సైనికులకి పనికొచ్చే లెక్కల కంపాస్ తయారుచేసి అమ్మాడు. ఇంటిపేరు నిలబెట్టడం అంటే ఆయనకి నెలనెలా అప్పులు తీర్చడమే.

ముగ్గురు పిల్లలు, ఖాళీ గడి

పాదువాలో ఉండగా వెనిస్‌కి చెందిన మరీనా గాంబా అనే ఆమెతో ఆయనకి అనుబంధం ఏర్పడింది. పెళ్ళి చేసుకోలేదు. ఒకే ఇంట్లో కూడా ఉండలేదు. ముగ్గురు పిల్లలు పుట్టారు. 1600లో వర్జీనియా, 1601లో లీవియా, 1606లో విన్‌చెంజో.

ఈ పేర్లు చూడండి. వర్జీనియా, లీవియా అనేవి గెలీలియో చెల్లెళ్ళ పేర్లు. విన్‌చెంజో తండ్రి పేరు. తాత పేరు మనవడికి పెట్టుకోవడం మనకి ఎంత మామూలో ఆయనకీ అంతే. అంటే ఇంట్లో ఆయన వాళ్ళని తన పిల్లలుగానే చూశాడు. తన కుటుంబం పేర్లే పెట్టాడు. కానీ చర్చి పుస్తకంలో ముగ్గురి బాప్తిస్మాల దగ్గరా తండ్రిగా గెలీలియో పేరు లేదు. ఇంట్లో తండ్రి ఉన్నాడు, రికార్డులో లేడు.

ఆ రోజుల్లో ఇది మగపిల్లాడికి ఒక సమస్య, ఆడపిల్లలకి పది సమస్యలు. పెళ్ళి బయట పుట్టిన అమ్మాయికి మంచి సంబంధం కుదరాలంటే చాలా పెద్ద కట్నం ఇవ్వాలి. చెల్లెళ్ళ కట్నం బాకీలే ఇంకా నడుస్తున్న ఇల్లు అది.

చుక్కలకి ఎవరి ఇంటిపేరు

1609లో హాలండ్‌లో దూరపు వస్తువుల్ని దగ్గరగా చూపించే గొట్టం తయారైందని గెలీలియో విన్నాడు. కటకాలు తనే అరగదీసుకుని ఇంకా మంచిది తయారుచేశాడు. కొన్ని నెలల్లోనే 20 రెట్లు పెద్దగా చూపించేదాకా వచ్చాడు. 1610 జనవరి 7 రాత్రి గురుగ్రహం వైపు తిప్పితే పక్కనే మూడు చిన్న చుక్కలు కనిపించాయి. రోజూ చూసి కాగితం మీద గుర్తులు పెట్టుకున్నాడు. చుక్కలు చోటు మారుతున్నాయి, కానీ గురుణ్ణి వదలడం లేదు. కొద్ది రోజుల్లో నాలుగోది కూడా దొరికింది. అవి గురుడి చుట్టూ తిరిగే ఉపగ్రహాలని తేల్చాడు. ఆకాశంలో అన్నీ భూమి చుట్టూనే తిరుగుతాయన్న నమ్మకానికి ఇది పెద్ద దెబ్బ.

వాటికి పేరు పెట్టాలి. కనిపెట్టినవాడు తన ఇంటిపేరు పెట్టుకోవచ్చు. గెలీలియో అలా చేయలేదు. టస్కనీని పాలిస్తున్న గ్రాండ్ డ్యూక్ రెండో కాజిమో మెదిచి ఒకప్పుడు ఆయన దగ్గర లెక్కలు నేర్చుకున్న కుర్రాడే. అతని సొంతపేరు మీద ఈ చుక్కలకి పేరు పెడదామని మొదట అనుకున్నాడు. ఆస్థానం వాళ్ళని అడిగితే, యువరాజు పేరు కంటే వంశం పేరైతేనే బాగుంటుందన్నారు. అప్పటికే పుస్తకంలో ఆ భాగం అచ్చయిపోయింది. దాంతో కొన్ని ప్రతుల్లో కాజిమో పేరు మీద మెదిచి పేరున్న చిన్న కాగితం ముక్క అతికించారు. కోడ్ డిప్లాయ్ అయ్యాక వేరియబుల్ పేరు మార్చమంటే ఎలా ఉంటుందో అలా. నలుగురు మెదిచి అన్నదమ్ములు, నాలుగు చుక్కలు. లెక్క కుదిరింది.

1610 మార్చిలో ఆ చిన్న పుస్తకం వచ్చింది. వేసిన 550 ప్రతులూ చాలా త్వరగా అయిపోయాయి. అనుకున్నట్టే మెదిచి వంశం ఆయన్ని ఫ్లోరెన్స్‌కి పిలిచి ఆస్థాన గణితవేత్త, తత్వవేత్త పదవి ఇచ్చింది. ఏడాదికి 1000 స్కూదీల జీతం, పాఠాలు చెప్పే పని లేదు. ఇంకొకరి ఇంటిపేరు ఆకాశంలో పెట్టి తన ఇంటిని గట్టెక్కించుకున్నాడన్నమాట. దీన్ని తప్పు పట్టడం తేలికే. కానీ ఆ అప్పులు చూశాక నాకు తప్పు పట్టాలనిపించలేదు.

మరీనా ఫ్లోరెన్స్‌కి రాలేదు. కూతుళ్ళిద్దరూ వచ్చారు. చిన్నవాడైన విన్‌చెంజో కొన్నాళ్ళు తల్లి దగ్గరే ఉన్నాడు.

గోడల వెనక

మనకి కాన్వెంట్ అంటే ఇంగ్లీష్ మీడియం స్కూలు. నేను చదివింది కూడా అలాంటిదే. కానీ ఆ మాటకి అసలు అర్థం సన్యాసినులు ఉండే మఠం. 1613లో గెలీలియో తన కూతుళ్ళని ఫ్లోరెన్స్ పక్కన ఆర్చెత్రిలో ఉన్న సాన్ మత్తెయో మఠంలో చేర్పించాడు. వర్జీనియాకి 13, లీవియాకి 12. అంత చిన్న వయసులో చేర్చుకోవడానికి నిబంధనలు ఒప్పుకోకపోతే ప్రత్యేకంగా అనుమతి తెప్పించాడు. ఒకసారి లోపలికి వెళ్ళి వ్రతం పట్టాక బయటికి రావడం ఉండదు. ఆ మఠంవాళ్ళు బీదరికాన్నే నియమంగా పెట్టుకున్నవాళ్ళు. చలి, చాలీచాలని తిండి, జబ్బులు.

1616లో వర్జీనియా మరియా చెలెస్తె అయింది. మరుసటి ఏడాది లీవియా ఆర్కాంజెలా అయింది. చెలెస్తె అంటే ఆకాశానికి చెందినది అని అర్థం. తండ్రి చదువు మీద గౌరవంతో ఆ పేరు ఎంచుకుందని చాలామంది అంటారు. రికార్డులో తండ్రి పేరు ఎలాగూ లేదు, ఇప్పుడు తండ్రి పెట్టిన పేరు కూడా పోయింది. ఆ స్థితిలో ఆ అమ్మాయి తండ్రిని గుర్తుచేసే మాటని తన పేరుగా తెచ్చుకుందంటే, ఆ మాట నిజమే అయితే, అది చిన్న విషయం కాదు.

ఇక 1619. గ్రాండ్ డ్యూక్ కాజిమో ఆజ్ఞతో కొడుకు విన్‌చెంజోకి చట్టప్రకారం గుర్తింపు వచ్చింది. అంటే పెళ్ళి బయట పుట్టినా ఇక నుంచి అతను అధికారికంగా గెలీలి. దాదాపు 13 ఏళ్ళ వయసులో ఇంటిపేరు వచ్చింది. తర్వాత పీసాలో లా చదివాడు, 1629లో మంచి ఇంటి అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడు. పుట్టిన మొదటి కొడుక్కి గెలీలియో అని తాత పేరే పెట్టాడు.

కూతుళ్ళ కోసం అలాంటి కాగితం రాలేదు. అప్పటికే వాళ్ళు మఠంలో సన్యాసినులు. వంశం నడిపేది కొడుకు కాబట్టి కాగితం కొడుక్కే కావాల్సి వచ్చింది. ఒకే తల్లి, ఒకే తండ్రి, ముగ్గురు పిల్లలు. ఒకరికి ఇఫ్, ఇద్దరికి ఎల్స్.

ఆ మఠం నుంచి మరియా చెలెస్తె తండ్రికి రాసిన ఉత్తరాల్లో 124 మనకి మిగిలాయి. 1623 నుంచి 1633 దాకా రాసినవి. వాటిని చదివితే ఆమె ఏంచేసేదో తెలుస్తుంది. మఠంలో మందులు తయారుచేసేది. తండ్రి బట్టలకి కాలర్లు కుట్టి, ఉతికి పంపేది. పండ్లతో తీపి వంటకాలు చేసి పంపేది. ఆయన రాసిన కాగితాలు శుభ్రమైన చేతిరాతతో కాపీ చేసి ఇచ్చేది. చెల్లెలు ఆర్కాంజెలా ఎప్పుడూ అనారోగ్యంతో ఉంటే ఆమెనీ చూసుకునేది. తండ్రి కూడా ఊరుకోలేదు. మఠానికి డబ్బు పంపేవాడు, అక్కడ పాడైన గడియారం బాగుచేసి ఇచ్చాడు. 1631లో ఏకంగా మఠానికి దగ్గరలోనే ఇల్లు తీసుకున్నాడు. కానీ ఆయన ఆమెకి రాసిన ఉత్తరాలు ఒక్కటీ దొరకలేదు. ఈ సంభాషణలో మనకి వినిపించేది కూతురి గొంతు ఒక్కటే.

విచారణ

భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుందన్న కోపర్నికస్ సిద్ధాంతాన్ని 1616లో చర్చి తప్పని ప్రకటించింది. దాన్ని సమర్థించకూడదని గెలీలియోని హెచ్చరించింది. 1623లో మాఫెయో బర్బెరీని ఎనిమిదో అర్బన్ పేరుతో పోప్ అయ్యాడు. బర్బెరీని అనేది బర్బెరీనో అనే ఊరి నుంచి వచ్చిన ఇంటిపేరు. ఈయన గెలీలియోకి పాత మిత్రుడు, ఆయన్ని మెచ్చుకుంటూ లాటిన్‌లో పద్యం కూడా రాశాడు. ఇక ఫరవాలేదనుకున్నాడు గెలీలియో. 1632లో రెండు విశ్వ వ్యవస్థల గురించి ముగ్గురు మనుషులు మాట్లాడుకుంటున్నట్టు పుస్తకం వేశాడు. పోప్‌కి ఇష్టమైన వాదనని అందులో తెలివితక్కువగా కనిపించే పాత్ర నోట్లో పెట్టాడు. మిత్రుడు శత్రువయ్యాడు.

1633 మొదట్లో దాదాపు 69 ఏళ్ళ మనిషి, జబ్బుతో, ప్లేగు నడుస్తున్న రోజుల్లో రోమ్‌కి వెళ్ళాల్సి వచ్చింది. ఆయన లేని నెలల్లో ఇంటి లెక్కలు, వైన్ పీపాలు, తోట, పనివాళ్ళు, అన్నీ మఠం గోడల లోపల నుంచే కూతురు చూసుకుంది. తండ్రి స్నేహితులు వచ్చి కాగితాలు తీసి దాచడానికి ఇంటి తాళాలు అడిగితే ఇప్పించింది. ఆ పనిలో ప్రమాదం ఉందని ఆమెకి తెలియకుండా ఉండదు.

1633 జూన్ 22న గెలీలియో మోకాళ్ళ మీద కూర్చుని, తన అభిప్రాయాల్ని వదులుకుంటున్నానని చదవాల్సి వచ్చింది. పది మంది జడ్జీల్లో ముగ్గురు తీర్పు మీద సంతకం పెట్టలేదు. అందులో ఒకరు పోప్ అన్నకొడుకు ఫ్రాంచెస్కో బర్బెరీని. పుస్తకం నిషేధించారు, జైలు శిక్ష వేసి తర్వాత గృహనిర్బంధంగా మార్చారు. ఇంకో శిక్ష కూడా ఉంది. మూడేళ్ళ పాటు వారానికొకసారి ఏడు పశ్చాత్తాప కీర్తనలు చదవాలి. ఆ పని నేను చేస్తానని కూతురు అనుమతి తీసుకుని తన మీద వేసుకుంది. తండ్రి పేరు వారసత్వంగా రాలేదు కానీ తండ్రి శిక్షలో భాగం అడిగి మరీ తీసుకుంది.

ఆ డిసెంబర్‌లో ఆయన ఆర్చెత్రికి తిరిగొచ్చాడు. నాలుగు నెలలు కూడా గడవలేదు. 1634 ఏప్రిల్ 2న మరియా చెలెస్తె విరేచనాల జబ్బుతో చనిపోయింది. 33 ఏళ్ళు. గెలీలియో ఆ దెబ్బకి చాలా కుంగిపోయాడు. అయినా పని ఆపలేదు. పడే వస్తువుల మీద, వస్తువుల బలం మీద జీవితమంతా చేసిన పనిని ఒక పుస్తకంగా రాసి, 1638లో హాలండ్‌లోని లైడెన్‌లో అచ్చు వేయించాడు. పడే వస్తువు వెళ్ళే దూరం సమయం వర్గానికి అనుపాతంలో ఉంటుందని మనం ఫిజిక్స్‌లో చదివేది ఆ పుస్తకంలోదే. అప్పటికి రెండు కళ్ళూ పోయాయి.

1639లో విన్‌చెంజో వివియానీ అనే 17 ఏళ్ళ కుర్రాడు ఆయనకి సాయంగా వచ్చాడు. మనకంటే చిన్నవాడు. ముసలాయన చెప్తుంటే రాసిపెట్టేవాడు. 1642 జనవరి 8న గెలీలియో చనిపోయాడు.

పేరు లేని పెట్టె

తన పూర్వీకుల పక్కన, శాంతా క్రోచేలో సమాధి కావాలన్నది గెలీలియో కోరిక. ఆ డాక్టరు తాత అక్కడే ఉన్నాడు కదా. గ్రాండ్ డ్యూక్ ఒక పెద్ద సమాధి కట్టిద్దామనుకున్నాడు. పోప్ ఒప్పుకోలేదు. దాంతో చర్చి అసలు హాల్లో కాకుండా పక్కన ఒక చిన్న గదిలో పెట్టేశారు.

వివియానీ ఈ అవమానం మర్చిపోలేదు. జీవితమంతా గురువుగారి సమాధి కోసం తిరిగాడు. జరగక, తన ఆస్తితో ఆ పని చేయించమని వీలునామా రాసి 1703లో పోయాడు. ఆయన్ని కూడా గురువు దగ్గరే పెట్టారు. చివరికి 1737లో అనుమతి వచ్చింది. కొత్త సమాధిలోకి మార్చడానికి ఆ గది తవ్వితే ఇద్దరి పెట్టెలు ఉండాల్సిన చోట మూడు దొరికాయి. మూడోది ఒక స్త్రీది. పేరేమీ లేదు. అది మరియా చెలెస్తె అని, వివియానీయే గురువు పక్కన చేర్చి ఉంటాడని చరిత్రకారులు నమ్ముతారు.

ముగ్గురినీ కలిపి కొత్త సమాధిలోకి మార్చారు. మైకెలాంజెలో సమాధికి ఎదురుగా, పాలరాతితో, గెలీలియో విగ్రహంతో ఘనంగా కట్టారు. దాని మీద అప్పుడు గెలీలి పేరు చెక్కారు. ఆమె పేరు చెక్కలేదు.

మిగిలిన పేర్లు

ఇప్పుడు చూస్తే ఆ పేర్ల సంగతి విచిత్రంగా మారింది. మెదిచి చుక్కలు అన్న పేరు పోయింది. ఆ నాలుగింటినీ ఇప్పుడు ప్రపంచమంతా గెలీలియన్ ఉపగ్రహాలు అంటోంది. ఆయన వద్దనుకున్న పేరే వచ్చి అతుక్కుంది. మెదిచి పాలకవంశం కూడా 1737లోనే, సమాధి కట్టిన ఏడాదే, చివరి గ్రాండ్ డ్యూక్‌తో ఆగిపోయింది.

గెలీలియో పేరు మన హైదరాబాద్ దాకా కూడా వచ్చింది. ఎన్.జి.ఆర్.ఐ. శాస్త్రవేత్తలు భూమి ఆకర్షణలో చిన్న చిన్న తేడాలు కొలిచేది మిల్లీగాల్స్‌లో. గాల్ అంటే గెలీలియో పేరులోంచి తీసుకున్న కొలమానం. సెకనుకి సెకనుకి ఒక సెంటీమీటరు. మనం నిలబడ్డ నేల మీద అది సుమారు 980.

మనం గురజాడ, కందుకూరి, గిడుగు అంటూ గొప్పవాళ్ళని ఇంటిపేరుతో పిలుచుకుంటాం. ఇటలీ వాళ్ళు డాంటే, లియొనార్డో, గెలీలియో అని సొంతపేరుతో పిలుస్తారు. ఒక డాక్టరు కోసం ఇల్లంతా కలిసి మార్చుకున్న ఆ ఇంటిపేరు, తీరా అంత పెద్దవాడు పుట్టాక, ఎవరికీ అవసరం లేకుండా పోయింది.

మరి వర్జీనియా? 1610 చివర్లో గెలీలియో శుక్రగ్రహానికి కూడా చంద్రుడిలాగే కళలు ఉంటాయని కనిపెట్టాడు. ఆ గ్రహం మీద ఉన్న గుంటలకి ఇప్పుడు స్త్రీల పేర్లు పెడతారు. అందులో ఒకదాని పేరు మరియా చెలెస్తె. తండ్రి టెలిస్కోపుతో చూసిన గ్రహం మీద కూతురి పేరు ఉంది. లాస్ట్ నేమ్ గడి అక్కడ కూడా ఖాళీయే. కానీ ఆ పేరు ఆమెకి ఎవరి దగ్గర నుంచో వారసత్వంగా రాలేదు, మఠంలోకి వెళ్ళేటప్పుడు తను తీసుకున్నది. ఈసారి ఎక్కడైనా ఆ రెండు గడులు నింపాల్సి వస్తే విసుక్కునే ముందు నాకు ఆమె గుర్తొస్తుందనుకుంటున్నాను.